రోజూ రాత్రి వ్యాక్యూమ్‌డీబీ --ఫుల్ నడుపుతున్నాం: డిస్కు నిండుతోంది, లాగిన్లు ఆగుతున్నాయి

కొత్తసర్వర్ · సోమవారం, ఉదయం 9:40

అందరికీ నమస్కారం. మూడు నెలల క్రితం ఒక పాత అప్లికేషన్ నా చేతికొచ్చింది. డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ 14. మొత్తం 180 జీబీ. అందులో ఈవెంట్స్ అనే ఒక్క టేబులే ఇండెక్సులతో (వెతకడం వేగంగా జరగడానికి ఉండే పట్టికలు) కలిపి 95 జీబీ, దాదాపు 30 కోట్ల రికార్డులు. డిస్కు 300 జీబీ.

నాకు ముందు దీన్ని చూసినవాళ్లు క్రాన్‌లో (టైముకు కమాండ్లు నడిపే షెడ్యూలర్) ఒక లైను పెట్టి వెళ్లారు. ప్రతి రాత్రి 1 గంటకు అన్ని టేబుళ్లనూ శుభ్రం చేసే ఈ కమాండ్ నడుస్తుంది:

వ్యాక్యూమ్‌డీబీ --ఆల్ --ఫుల్ --ఎనలైజ్

మొదట్లో గంటలోపే అయిపోయేది. ఇప్పుడు మూడు గంటలు దాటుతోంది. ఆ టైములో ఎవరూ లాగిన్ అవ్వలేకపోతున్నారు, పేజీ అలా తిరుగుతూనే ఉంటుంది. పోయిన మంగళవారం రాత్రి డిస్కు పూర్తిగా నిండిపోయి కమాండ్ మధ్యలోనే ఆగిపోయింది. నేను లేచి చూసేసరికి మళ్లీ 100 జీబీ ఖాళీ కనిపించింది! ఉదయం పూట డాష్‌బోర్డు కూడా బాగా నెమ్మదిగా ఉంటోంది, దానికీ దీనికీ సంబంధం ఉందో లేదో తెలియదు.

ఇంకో విషయం: అర్ధరాత్రి 12 గంటలకు ఒక డిలీట్ జాబ్ 90 రోజులు దాటిన ఈవెంట్స్‌ను తీసేస్తుంది. పెద్ద డిస్కు కొనమని అడగాలా, లేక ఈ కమాండ్‌లోనే తప్పుందా? రాత్రయితే చాలు టెన్షన్‌గా ఉంటోంది. దయచేసి చెప్పండి.

పాతకాపు · సోమవారం, ఉదయం 10:15

డిస్కు కొనకండి. ముందు ఆ --ఫుల్ తీసేయండి. ఇవాళే.

వ్యాక్యూమ్ అంటే ఒకటే పని అనుకుంటారు చాలామంది. పేరు ఒకటే కానీ అవి రెండు వేరు వేరు పనులు. పోస్ట్‌గ్రెస్‌లో ఒక రికార్డును అప్‌డేట్ చేస్తే పాతదాని మీద రాయదు, కొత్త కాపీ రాస్తుంది. డిలీట్ చేసినా అక్కడికక్కడే చెరిపేయదు, చెల్లదని గుర్తు పెట్టి ఊరుకుంటుంది. అలా మిగిలిపోయినవే డెడ్ రికార్డులు. మామూలు వ్యాక్యూమ్ వాటిని వెతికి ఆ చోటును ఖాళీ చేసి, 'ఇక్కడ కొత్తవి రాసుకోవచ్చు' అని రాసిపెడుతుంది. ఫైలు సైజు దాదాపు అలాగే ఉంటుంది. టేబుల్ చివరన పూర్తిగా ఖాళీ అయిన పేజీలు ఉంటే వాటిని మాత్రం కత్తిరించి ఆపరేటింగ్ సిస్టమ్‌కు తిరిగి ఇస్తుంది.

ఫుల్ అలా కాదు. టేబుల్ మొత్తాన్ని కొత్త ఫైలులోకి మళ్లీ రాసి, ఇండెక్సులన్నీ మళ్లీ కట్టి, ఆ తరవాతే పాత ఫైలును పారేస్తుంది. అంటే పని జరిగినంతసేపూ రెండు కాపీలూ డిస్కు మీదే ఉంటాయి. మీ లెక్కే చూడండి: 180 జీబీ ఉంది, దాని మీద ఈవెంట్స్ కాపీ ఇంకో 95. మొత్తం 275. పైగా ఆ రాసినదంతా వాల్ లాగ్‌లోకి (మార్పులన్నీ ముందుగా రాసుకునే ఫైళ్లు) కూడా వెళ్తుంది. 300 జీబీ డిస్కు నిండక ఏమవుతుంది? కమాండ్ ఫెయిలవగానే సగం రాసిన కాపీని తీసేసింది కాబట్టి మీరు లేచేసరికి ఖాళీ కనిపించింది.

డిస్కును నింపుతున్నది మీ డేటా కాదండీ, ఆ క్లీనింగే.

క్వెరీపిచ్చి · సోమవారం, ఉదయం 10:32

పాతకాపు గారు చెప్పినదానికి లాక్ సంగతి కలుపుతాను. ఫుల్ నడిచే టేబుల్ మీద యాక్సెస్ ఎక్స్‌క్లూజివ్ లాక్ ఉంటుంది. అప్పుడు చదవడానికి కూడా కుదరదు. మామూలు వ్యాక్యూమ్‌కు ఆ బాధ లేదు, చదవడం రాయడం రెండూ మామూలుగా సాగుతాయి.

కానీ కొత్తసర్వర్ గారూ, లాగిన్ అయ్యేటప్పుడు ఈవెంట్స్ టేబుల్‌ను చదువుతారా? నాకైతే అలా అనిపించడం లేదు. యూజర్స్ టేబుల్ ఎంత ఉంటుంది?

కొత్తసర్వర్ · సోమవారం, ఉదయం 11:05

యూజర్స్ టేబుల్ 2 జీబీ కూడా లేదు. లాగిన్‌కు అదొక్కటే చాలు.

క్వెరీపిచ్చి · సోమవారం, ఉదయం 11:20

అయితే అక్కడ వేరే సంగతి ఉంది. 2 జీబీ టేబుల్‌ను మళ్లీ రాయడానికి గంటలు పట్టదు. అంతసేపు ఆగిందంటే ఆ కమాండ్ పని చేయడం లేదు, దేనికోసమో ఎదురుచూస్తోంది.

ఈ రాత్రికి రెండు పనులు చేయండి. ఎలాగూ నడుపుతారు కాబట్టి కమాండ్‌కు --ఎకో, --వెర్బోస్ కలపండి, ఏ టేబుల్ దగ్గర ఉందో లాగ్‌లో కనిపిస్తుంది. లాగిన్లు ఆగగానే ఇంకో టెర్మినల్‌లో పీజీ_స్టాట్_యాక్టివిటీ (ఇప్పుడున్న సెషన్ల జాబితా) చూడండి. ఎదురుచూస్తున్న ప్రతి పిడ్‌కూ (ప్రాసెస్ నంబరు) పీజీ_బ్లాకింగ్_పిడ్స్ ఫంక్షన్ ఏం చెప్తుందో, ఆ బ్లాక్ చేస్తున్న సెషన్ ఎప్పుడు మొదలైందో ఎక్స్‌యాక్ట్_స్టార్ట్ కాలమ్‌లో చూసి ఇక్కడ పెట్టండి.

పాతకాపు · సోమవారం, ఉదయం 11:31

ఇంకో రాత్రి ఫుల్ నడపడం నాకు ఇష్టం లేదు. కనీసం --ఆల్ బదులు --టేబుల్=యూజర్స్ అని పెట్టి ఆ ఒక్కదాని మీదే నడపండి. ముందు పీజీఆప్షన్స్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో లాక్_టైమవుట్ 10 నిమిషాలు పెట్టండి. వ్యాక్యూమ్‌డీబీ కూడా మామూలు క్లయింటే కాబట్టి ఆ సెట్టింగ్ దానికి వర్తిస్తుంది. పది నిమిషాల్లో లాక్ దొరక్కపోతే ఎర్రర్ ఇచ్చి బయటికి వచ్చేస్తుంది, జనం ఆగిపోరు.

కొత్తసర్వర్ · మంగళవారం, ఉదయం 7:10

మీ ఇద్దరూ చెప్పినట్టే చేశాను. దొరికింది!

వ్యాక్యూమ్ ఫుల్ యూజర్స్ టేబుల్ లాక్ కోసం ఎదురుచూస్తోంది. దాన్ని ఆపింది ఒక రిపోర్టు. రాత్రి 11:30కి మొదలవుతుంది, రిపీటబుల్ రీడ్‌లో (మొదట చూసిన డేటానే చివరిదాకా చూసే పద్ధతి) ఒకే ట్రాన్సాక్షన్‌గా తెల్లవారి 4 దాకా నడుస్తుంది. మొదటి క్వెరీలోనే యూజర్స్‌ను చదివేస్తుంది, మిగతా టైమంతా ఆర్డర్స్ మీద. ఈవెంట్స్‌ను అసలు ముట్టుకోదు. లాగిన్ సెషన్లు 40 దాకా ఫుల్ వెనక వరసగా నిలబడి ఉన్నాయి. లాక్_టైమవుట్ వచ్చి ఫుల్ తప్పుకోగానే అందరూ లోపలికి వెళ్లిపోయారు.

ఒకటి అర్థం కాలేదు. రిపోర్టు చదువుతోంది అంతే. లాగిన్లు కూడా చదివేవే. చదివేవాళ్లను చదివేవాళ్లు ఆపరు కదా?

క్వెరీపిచ్చి · మంగళవారం, ఉదయం 8:02

వాళ్ల మధ్య గొడవేమీ లేదు. మధ్యలో నిలబడింది ఫుల్. పోస్ట్‌గ్రెస్‌లో లాక్‌కు క్యూ ఉంటుంది. ఫుల్‌కు లాక్ ఇంకా దొరకలేదు, కానీ అది క్యూలో ఉంది. దాని తరవాత వచ్చినవాళ్లు ముందున్న రిపోర్టుతో సరిపడినా, క్యూలో ఉన్న ఫుల్‌తో సరిపడరు కాబట్టి దాని వెనకే నిలబడాలి. లేకపోతే చదివేవాళ్లు ఒకరి తరవాత ఒకరు వస్తూనే ఉంటారు, ఫుల్‌కు ఎప్పటికీ సందు దొరకదు.

ఈ సంగతి ఫుల్‌కే పరిమితం కాదు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నా. పగలు ఎవరైనా మామూలు వ్యాక్యూమ్‌ను చేత్తో పెద్ద టేబుల్ మీద నడుపుతుంటారు. అదే సమయంలో ఇంకొకరు ఆ టేబుల్‌కు కాలమ్ కలపాలని ఆల్టర్ ఇస్తారు. వ్యాక్యూమ్ లాక్ చిన్నదే కానీ ఆల్టర్‌ను ఆపుతుంది. ఆల్టర్ క్యూలో నిలబడుతుంది. దాని వెనక సెలెక్టులన్నీ నిలబడతాయి. అప్లికేషన్ మొత్తం ఆగిపోతుంది. ఆటోవ్యాక్యూమ్ (పోస్ట్‌గ్రెస్ తనంతట తానే నడిపేది) అయితే ఎవరైనా లాక్ కోసం వస్తే తన పని ఆపేసి తప్పుకుంటుంది, వ్రాపరౌండ్ (ట్రాన్సాక్షన్ సంఖ్యలు చుట్టు తిరిగి మొదటికి రావడం) ఆపడానికి నడిచేది తప్ప. మనం కమాండ్ లైన్ నుంచి నడిపింది అలా తప్పుకోదు. చేత్తో నడిపేటప్పుడు గుర్తుపెట్టుకోవాల్సిన తేడా ఇదే.

లాగ్‌బుక్ · మంగళవారం, ఉదయం 9:15

ఈ రిపోర్టు ఇంకో నష్టం కూడా చేస్తోంది, ఎవరూ చెప్పలేదు. అది 11:30కి స్నాప్‌షాట్ (ఆ క్షణంలో ఉన్న డేటా చిత్రం) తీసుకుంది. డిలీట్ జాబ్ 12కి. అంటే 12కి డిలీట్ అయిన రికార్డులన్నీ రిపోర్టు దృష్టిలో ఇంకా బతికే ఉన్నాయి. రిపోర్టు ఈవెంట్స్‌ను చదవదని మనకు తెలుసు, డేటాబేస్‌కు తెలియదు కదా. కాబట్టి 1 గంటకు ఏ వ్యాక్యూమ్ వచ్చినా వాటిని తీయలేదు. ఫుల్ అయితే ఆ చచ్చిన రికార్డులను కూడా కొత్త ఫైలులోకి మోసుకెళ్తుంది.

కొత్తసర్వర్ గారూ, పాత వెర్బోస్ లాగ్ ఉంటే అందులో 'డెడ్ రో వెర్షన్స్ కెనాట్ బి రిమూవ్డ్ యెట్' అనే వాక్యం పక్కన ఎంత సంఖ్య ఉందో చూడండి.

కొత్తసర్వర్ · మంగళవారం, ఉదయం 9:48

పాత లాగ్ లేదు. నిన్న రాత్రిది యూజర్స్ టేబుల్ ఒక్కదానిదే. ఈ రాత్రి ఈవెంట్స్ మీద మామూలు వ్యాక్యూమ్ వెర్బోస్‌తో నడిపి చెప్తాను.

డిస్కుమనిషి · మంగళవారం, ఉదయం 10:20

నా అభిప్రాయం కొంచెం వేరు. ఆ క్రాన్ లైనే తీసేయండి, ఫుల్ మాత్రమే కాదు, మొత్తం. ఆటోవ్యాక్యూమ్ 8.3 నుంచి డిఫాల్ట్‌గానే ఆన్‌లో ఉంది. దాన్ని సరిగ్గా సెట్ చేస్తే రోజూ చేత్తో నడపాల్సిన పనే లేదు.

అయితే డిఫాల్ట్ సెట్టింగ్ మీ టేబుల్‌కు సరిపోదు, ఎందుకో లెక్క చెప్తాను. డెడ్ రికార్డులు 50, దానికి తోడు టేబుల్‌లోని రికార్డుల్లో 20 శాతం దాటితే తప్ప ఆటోవ్యాక్యూమ్ కదలదు. 30 కోట్లలో 20 శాతం అంటే 6 కోట్లు. మీరు 90 రోజుల డేటా ఉంచుతున్నారు కాబట్టి రోజుకు డిలీట్ అయ్యేవి సుమారు 33 లక్షలు. అంటే దాదాపు 18 రోజుల చెత్త పేరుకుంటేగానీ అది లేవదు. ఒకసారి లేచాక అంత చెత్తా ఒక్కసారే ఎత్తాలి.

ఈ ఒక్క టేబుల్‌కే ఆల్టర్ టేబుల్‌తో ఆటోవ్యాక్యూమ్_వ్యాక్యూమ్_స్కేల్_ఫ్యాక్టర్ 0.02 పెట్టండి. అప్పుడు 60 లక్షలకే కదులుతుంది, అంటే రెండు రోజులకోసారి. ఎనలైజ్ (క్వెరీ ప్లాన్ల కోసం టేబుల్ లెక్కలు తీసే పని) స్కేల్ ఫ్యాక్టర్ కూడా 0.1 నుంచి 0.02కి దించండి. మిగతా చిన్న టేబుళ్లకు డిఫాల్టే చాలు.

పాతకాపు · మంగళవారం, ఉదయం 11:00

డిస్కుమనిషి గారూ, ఆటోవ్యాక్యూమ్ సెట్టింగ్ విషయంలో మీతో నూటికి నూరు పాళ్లు ఏకీభవిస్తాను. కానీ క్రాన్ మొత్తం తీసేయమంటే ఒప్పుకోను.

పని ఎప్పుడు వస్తుందో ముందే తెలిసినప్పుడు ఆ పని తరవాత చేత్తో నడపడం మంచిదే. వీళ్లకు రోజూ ఒకే సమయానికి 33 లక్షల డిలీట్లు. మధ్యాహ్నం జనం ఎక్కువ ఉన్నప్పుడు ఆటోవ్యాక్యూమ్ మొదలుపెట్టేకంటే, తెల్లవారుజామున ఒకసారి మనమే నడిపేస్తే పగటి పూట దానికి పని మిగలదు. పెద్ద డేటా లోడ్ చేశాక --ఎనలైజ్-ఓన్లీ నడపడం కూడా అంతే అవసరం. ఆటోఎనలైజ్ వచ్చేదాకా పాత లెక్కలతో ప్లాన్లు వేస్తే క్వెరీలు దారి తప్పుతాయి.

డిస్కుమనిషి · మంగళవారం, ఉదయం 11:12

తెలిసిన పని తరవాత అంటే సరే. నేను వద్దన్నది 'రోజూ అన్ని టేబుళ్ల మీదా' అనే అలవాటును. చేత్తో నడిపితే వ్యాక్యూమ్_కాస్ట్_డిలే డిఫాల్ట్ 0, అంటే డిస్కును పూర్తి వేగంతో వాడేస్తుంది. ఆటోవ్యాక్యూమ్‌కు అది 2 మిల్లీసెకన్లు, ఆగి ఆగి నడుస్తుంది. పగలు చేత్తో నడపాల్సి వస్తే పీజీఆప్షన్స్‌లో అది కూడా 2 పెట్టండి.

లైట్‌డీబీ · మంగళవారం, మధ్యాహ్నం 1:30

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మేము వాడేది ఎస్‌క్యూలైట్, మైఎస్‌క్యూఎల్. వీటిలో కూడా ఇదే కథా?

లాగ్‌బుక్ · మంగళవారం, మధ్యాహ్నం 2:05

ఎస్‌క్యూలైట్‌లో వ్యాక్యూమ్ అంటే పోస్ట్‌గ్రెస్ ఫుల్ లాంటిదే, ఫైలు మొత్తం మళ్లీ రాస్తుంది. అసలు ఫైలుకు రెండింతల దాకా ఖాళీ చోటు కావాల్సి రావచ్చు. ముందు ప్రాగ్మా ఫ్రీలిస్ట్_కౌంట్ చూడండి, ఖాళీ పేజీలు కొద్దిగా ఉంటే వదిలేయండి, అవి మళ్లీ వాడుకలోకి వస్తాయి. మామూలు రోజుల్లో ప్రాగ్మా ఆప్టిమైజ్ చాలు.

మైఎస్‌క్యూఎల్‌లో మైఎస్‌క్యూఎల్‌చెక్ --ఆప్టిమైజ్ ఇస్తే ఇన్నోడీబీ టేబుళ్లకు 'రీక్రియేట్ ప్లస్ ఎనలైజ్' చేస్తున్నానని చెప్తుంది. అదీ టేబుల్‌ను మళ్లీ కట్టడమే, కాబట్టి అక్కడ కూడా చోటు చూసుకోండి. మిగతాది వేరే చర్చ మొదలుపెట్టి అడగండి, ఇక్కడ కలిస్తే కొత్తసర్వర్ గారి సమస్య పక్కకు పోతుంది.

కొత్తసర్వర్ · బుధవారం, ఉదయం 7:25

రాత్రి 1 గంటకు ఈవెంట్స్ మీద మామూలు వ్యాక్యూమ్ వెర్బోస్‌తో నడిపాను. తీయలేకపోయినవి 33 లక్షల 40 వేలు. తీసింది దాదాపు ఏమీ లేదు. లాగ్‌బుక్ గారు చెప్పింది అక్షరాలా నిజం.

ఉదయం 5 గంటలకు, రిపోర్టు అయిపోయాక మళ్లీ నడిపాను. అన్నీ తీసేసింది. ఎవరికీ ఇబ్బంది కలగలేదు. మూడు నెలల్లో మొదటిసారి రాత్రి ఫిర్యాదు లేదు. మీ అందరికీ చాలా చాలా థాంక్స్.

ఒక సందేహం: ఉదయం డాష్‌బోర్డు ఇవాళ చాలా వేగంగా వచ్చింది. కాకతాళీయమా?

క్వెరీపిచ్చి · బుధవారం, ఉదయం 8:10

కాకతాళీయం కాదు, కారణం ఉంది. టేబుల్‌కు విజిబిలిటీ మ్యాప్ అని ఒక చిన్న పక్క ఫైలు ఉంటుంది. ఏ పేజీలోని రికార్డులన్నీ అందరికీ కనిపించేవో అందులో గుర్తు ఉంటుంది. ఆ గుర్తు ఉంటే ఇండెక్స్ ఓన్లీ స్కాన్ టేబుల్ దాకా వెళ్లకుండా ఇండెక్స్‌లోనే జవాబు తేల్చేస్తుంది. ఫుల్ కొత్త ఫైలు రాసినప్పుడు ఆ మ్యాప్ రాయదు. మీరు రోజూ రాత్రి దాన్ని పోగొట్టి, ఉదయం డాష్‌బోర్డు చేత 30 కోట్ల రికార్డుల టేబుల్‌ను తిప్పించారు. మామూలు వ్యాక్యూమ్ ఆ గుర్తులు మళ్లీ పెట్టింది.

ఎక్స్‌ప్లెయిన్ ఎనలైజ్ ఇచ్చి 'హీప్ ఫెచెస్' అనే అంకె చూడండి. సున్నాకు దగ్గరగా ఉంటే మ్యాప్ బాగున్నట్టు.

రాత్రిపని · బుధవారం, ఉదయం 9:30

ఈ చర్చ మొదటి నుంచీ చదువుతున్నాను. మాకు జరిగింది చెప్తాను, ఎవరికైనా పనికొస్తుంది.

మా దగ్గర కూడా వ్యాక్యూమ్ నడిచేది, డెడ్ రికార్డులు తగ్గేవి కావు. పీజీ_స్టాట్_యాక్టివిటీలో పాత ట్రాన్సాక్షన్ ఒక్కటీ లేదు. రెండు రోజులు వెతికాం. చివరికి పీజీ_రెప్లికేషన్_స్లాట్స్‌లో దొరికింది. ఎప్పుడో తీసేసిన స్టాండ్‌బై (నకలు సర్వర్) తాలూకు స్లాట్ (దానికి ఎక్కడి నుంచి డేటా కావాలో గుర్తుంచే నమోదు) మిగిలిపోయింది. ఆ స్టాండ్‌బైకి హాట్_స్టాండ్‌బై_ఫీడ్‌బ్యాక్ (తన క్వెరీలకు కావాల్సిన రికార్డులు తీయొద్దని మెయిన్ సర్వర్‌కు చెప్పే సెట్టింగ్) ఆన్‌లో ఉండేది కాబట్టి స్లాట్‌లో పాత ఎక్స్‌మిన్ (ఇంకా అవసరమైన అతి పాత ట్రాన్సాక్షన్ సంఖ్య) అలాగే నిలిచిపోయింది. మెషీన్ పోయింది, దాని కోసం రికార్డులు దాచిపెట్టడం పోలేదు. అంతకంటే ప్రమాదం, ఆ స్లాట్ కోసం వాల్ ఫైళ్లు కూడా పోగవుతూనే ఉన్నాయి. స్లాట్ డ్రాప్ చేశాం, తరవాతి వ్యాక్యూమ్‌తోనే అంతా శుభ్రం.

అప్పటి నుంచీ వ్యాక్యూమ్ ఫలితం బాగోలేదంటే నేను మూడు చోట్ల చూస్తాను: పాత ట్రాన్సాక్షన్లకు పీజీ_స్టాట్_యాక్టివిటీ, స్లాట్లకు పీజీ_రెప్లికేషన్_స్లాట్స్, సగంలో వదిలేసిన టూ ఫేజ్ కమిట్లకు (రెండు దశల్లో ఖాయం చేసే ట్రాన్సాక్షన్లు) పీజీ_ప్రిపేర్డ్_ఎక్సాక్ట్స్. చివరిదాన్ని తేలిగ్గా తీసుకోకండి, సర్వర్ రీస్టార్ట్ చేసినా అది పోదు.

కొత్తసర్వర్ · బుధవారం, ఉదయం 10:40

మూడూ చూశాను, రిపోర్టు తప్ప ఏమీ లేదు. ఇప్పుడు స్క్రిప్టు కొత్తగా రాయాలి. పాతదాన్ని చూస్తే ఇంకో సంగతి బయటపడింది: పోయిన వారం మంగళవారం ఫెయిలైనా నాకు మెయిల్ రాలేదు, ఎందుకంటే అవుట్‌పుట్‌ను టీ కమాండ్‌కు (తెర మీదా ఫైలులోనూ రాసేది) పైప్ చేసి ఆ తరవాత స్టేటస్ చూస్తున్నారు.

పాతకాపు · బుధవారం, మధ్యాహ్నం 12:15

అవును, పైప్ పెడితే వచ్చే స్టేటస్ చివరి కమాండ్‌ది. టీ ఎప్పుడూ బాగానే ముగుస్తుంది. బాష్ అయితే పైప్‌ఫెయిల్ ఆన్ చేయండి, లేదంటే పైప్ మానేసి నేరుగా ఫైలులోకి రాయండి. నా స్క్రిప్టులో ఉండేవి చెప్తాను, మీ దానికి తగ్గట్టు మార్చుకోండి.

రోజూ ఉదయం 5 గంటలకు, ముందు పీజీఆప్షన్స్‌లో లాక్_టైమవుట్ 5 సెకన్లు పెట్టి:

వ్యాక్యూమ్‌డీబీ --డీబీనేమ్=మెయిన్ --టేబుల్=ఈవెంట్స్ --ఎనలైజ్ --వెర్బోస్ --నో-పాస్‌వర్డ్

వారానికోసారి, జనం తక్కువ ఉన్న సమయంలో:

వ్యాక్యూమ్‌డీబీ --ఆల్ --ఎనలైజ్ --స్కిప్-లాక్డ్ --జాబ్స్=2 --నో-పాస్‌వర్డ్

--నో-పాస్‌వర్డ్ ఎందుకంటే క్రాన్‌లో పాస్‌వర్డ్ అడిగితే చెప్పేవాళ్లు ఉండరు. పాస్‌వర్డ్ దొరక్కపోతే వెంటనే ఫెయిల్ అవ్వాలి, ఏదో ఒకటి తెలుస్తుంది. పాస్‌వర్డ్‌ను పీజీపాస్ ఫైలులో పెట్టండి, పర్మిషన్ 0600 ఉండాలి, ఇంకెవరికైనా చదివే అనుమతి ఉంటే ఆ ఫైలును పట్టించుకోదు. --స్కిప్-లాక్డ్ 12 నుంచి ఉంది, వెంటనే లాక్ దొరకని టేబుల్‌ను వదిలేసి ముందుకెళ్తుంది. --జాబ్స్ అంటే మనం ఇచ్చిన సంఖ్యలో కనెక్షన్లు తెరిచి ఒక్కోదానికి ఒక్కో టేబుల్ ఇవ్వడం. కాబట్టి పెద్ద టేబుల్ ఒక్కటే ఉన్నచోట సంఖ్య పెంచినా లాభం లేదు. దాన్ని --ఫుల్‌తో కలిపి మాత్రం వాడకండి, సిస్టమ్ కేటలాగ్‌ల దగ్గర డెడ్‌లాక్ రావచ్చు.

నిన్నటిది ముగియకముందే ఇవాళ్టిది మొదలవకుండా ఎఫ్‌లాక్ -ఎన్ తో చుట్టండి. క్రాన్‌కు పాత్ చాలా చిన్నది, కమాండ్‌కు పూర్తి దారి ఇవ్వండి. క్రాన్‌ట్యాబ్ లైనులో తేదీ కోసం శాతం గుర్తు వాడితే దాన్ని కొత్త లైనుగా తీసుకుంటుంది, ముందు బ్యాక్‌స్లాష్ పెట్టాలి. దీనివల్ల నేనొకసారి పూర్తి రోజు పోగొట్టుకున్నాను.

రాత్రిపని · బుధవారం, సాయంత్రం 6:50

వారపు స్క్రిప్టులో ట్రాన్సాక్షన్ల వయసు చూసే క్వెరీ కూడా పెట్టండి. పీజీ_డేటాబేస్ నుంచి ఏజ్ ఆఫ్ డాట్‌ఫ్రోజెన్‌ఎక్స్‌ఐడీ. ట్రాన్సాక్షన్ సంఖ్యలు 32 బిట్లే కాబట్టి వెనక్కి 200 కోట్లకు పైగా మాత్రమే లెక్క ఉంటుంది, ఆ లోపు పాత రికార్డులు ఫ్రీజ్ అవ్వాలి (ఇక ఎప్పటికీ పాతవేనని గుర్తు పడాలి). 20 కోట్లు దాటితే ఆటోవ్యాక్యూమ్ ఆఫ్‌లో ఉన్నా బలవంతంగా మొదలవుతుంది, ఎవరు లాక్ అడిగినా తప్పుకోదు. అది పగలు మధ్యలో రాకుండా ఉండాలంటే ముందే మనకు వీలైన రాత్రి నడిపేయడం మేలు:

వ్యాక్యూమ్‌డీబీ --ఆల్ --ఫ్రీజ్ --మిన్-ఎక్స్‌ఐడీ-ఏజ్=150000000

15 కోట్లు దాటిన టేబుళ్లను మాత్రమే ముట్టుకుంటుంది. 14లో 160 కోట్లు దాటితే ఫెయిల్‌సేఫ్ వస్తుంది, ఇండెక్స్ పని వదిలేసి ఫ్రీజ్ మాత్రమే వేగంగా చేస్తుంది. ఇంకా 30 లక్షలే మిగిలితే రాయడమే ఆపేస్తుంది. అక్కడిదాకా ఎవరూ వెళ్లకూడదని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను.

కొత్తసర్వర్ · గురువారం, ఉదయం 9:05

మాది 9 కోట్లు. కానీ టెంప్లేట్0 (పోస్ట్‌గ్రెస్‌తోనే వచ్చే మూస డేటాబేస్) వయసు దానికంటే ఎక్కువ ఉంది, --ఆల్ ఇచ్చినా తగ్గడం లేదు. కంగారు పడాలా?

రాత్రిపని · గురువారం, ఉదయం 9:20

వద్దు. టెంప్లేట్0కు ఎవరినీ కనెక్ట్ అవ్వనివ్వదు కాబట్టి వ్యాక్యూమ్‌డీబీ దాన్ని వదిలేస్తుంది. సమయం వచ్చినప్పుడు ఆటోవ్యాక్యూమే చూసుకుంటుంది.

డిస్కుమనిషి · గురువారం, ఉదయం 10:45

ఇంకా ఒక మాట. 14కు 2026 నవంబర్‌తో సపోర్ట్ ముగుస్తుంది, ఎలాగూ అప్‌గ్రేడ్ చేస్తారు. 17 దాకా పీజీ_అప్‌గ్రేడ్ స్టాటిస్టిక్స్‌ను తీసుకెళ్లదు, కొత్త సర్వర్ మొదటి నిమిషం నుంచే గుడ్డిగా ప్లాన్లు వేస్తుంది. అక్కడ --ఎనలైజ్-ఇన్-స్టేజెస్ వాడాలి, మూడు విడతల్లో టార్గెట్ 1, తరవాత 10, తరవాత డిఫాల్ట్‌తో లెక్కలు తీస్తుంది. స్టాటిస్టిక్స్ అప్పటికే ఉన్న డేటాబేస్ మీద దాన్ని నడపకండి, కాసేపు ఉన్నవాటిని చెడగొడుతుంది. 18కి వెళ్తే చాలావరకు వెంట వస్తాయి, --మిస్సింగ్-స్టాట్స్-ఓన్లీ కూడా కలిపి లేనివి మాత్రమే తీయించుకోవచ్చు.

అప్‌గ్రేడ్‌తో పాటు ఈవెంట్స్‌ను నెలల వారీ పార్టిషన్లుగా (విడి ముక్కలుగా) చేయడం గురించి మీ టీమ్‌తో మాట్లాడండి. 90 రోజులు దాటిన పార్టిషన్‌ను డిటాచ్ చేసి డ్రాప్ చేస్తే 33 లక్షల డిలీట్లూ ఉండవు, వాటి వెనక వ్యాక్యూమూ ఉండదు, చోటు వెంటనే ఆపరేటింగ్ సిస్టమ్‌కు వెళ్తుంది. నిజమైన మందు అదే అని నేను గట్టిగా నమ్ముతాను.

కొత్తసర్వర్ · ఆరు వారాల తరవాత, శనివారం, ఉదయం 8:30

ఇప్పుడు ఎలా ఉందో చెప్తాను. ఈవెంట్స్ మొదటి రెండు వారాల్లో 95 నుంచి 104 జీబీకి పెరిగింది, చూసి భయపడ్డాను. అక్కడి నుంచి నాలుగు వారాలుగా అక్కడే ఉంది. డిస్కు రాత్రిపూట ఎగబాకడం లేదు. ఉదయం 5 గంటల వ్యాక్యూమ్ 14 నిమిషాల్లో అయిపోతోంది. డిలీట్ జాబ్‌ను 4:30కి మార్చాం. పార్టిషన్ల పని వచ్చే నెల మొదలుపెడుతున్నాం.

ఒక కొత్త సమస్య. ఒక ఇండెక్స్ బాగా ఉబ్బిందని నిన్న రాత్రి 11:45కి రీఇండెక్స్‌డీబీ --కాంకరెంట్లీ (ఇండెక్స్‌ను మళ్లీ కట్టే కమాండ్) నడిపాను. గంటైనా ముగియలేదు, కంట్రోల్ సీ కొట్టాను. ఇప్పుడు చివర _సీసీన్యూ అని ఉన్న ఇండెక్స్ ఒకటి కనిపిస్తోంది.

క్వెరీపిచ్చి · శనివారం, ఉదయం 9:10

104 దగ్గర ఆగడం మంచి కబురు. ఆ 9 జీబీ వృథా కాదు, రోజూ వచ్చే కొత్త రికార్డులు తిరిగే చోటు అది.

మళ్లీ మన పాత రిపోర్టే. కాంకరెంట్లీ చదవడాన్నీ రాయడాన్నీ ఆపదు, కానీ తనకంటే ముందు మొదలైన ట్రాన్సాక్షన్లు ముగిసేదాకా ఎదురుచూస్తుంది. మీరు ఆపేయడంతో సగంలో మిగిలింది _సీసీన్యూ. చెల్లని ఇండెక్స్ కాబట్టి క్వెరీలకు పనికిరాదు, కానీ ప్రతి ఇన్సర్ట్‌కూ దానిమీద కూడా రాత పడుతూ ఉండొచ్చు, ఆలస్యం చేయకండి. పీజీ_ఇండెక్స్‌లో ఇండిస్‌వాలిడ్ ఫాల్స్ అని ఉందో లేదో చూసుకుని, డ్రాప్ ఇండెక్స్ కాంకరెంట్లీతో తీసేయండి. అసలు ఇండెక్స్‌కు ఏమీ కాలేదు. రేపు ఉదయం 5:30కి మళ్లీ నడపండి. ఆ ఇండెక్స్ సైజుకు సరిపడా ఖాళీ చోటు ఉందో ముందే చూసుకోండి.

కొత్తసర్వర్ · ఆదివారం, ఉదయం 6:20

డ్రాప్ చేశాను. 5:30కి మొదలుపెట్టిన రీఇండెక్స్ 22 నిమిషాల్లో అయిపోయింది. 19 జీబీ ఇండెక్స్ 11కి వచ్చింది. _సీసీన్యూలు ఏవీ లేవు, చూసుకున్నాను.